ముఖానికి వెలుతురు ఎటునుంచి?

ఒకే మనిషి, ఒకే ఫోను. పొద్దున వసారాలో తీసిన ఫోటోలో ముఖం కళగా ఉంటుంది. రాత్రి హాల్లో ఫ్లాష్ వేసి తీస్తే అదే ముఖం సున్నం కొట్టిన గోడలా తెల్లగా, చదునుగా వస్తుంది. ముక్కు మీద జిడ్డు మెరుపు, వెనక గోడ మీద నల్లటి నీడ, ఒక్కోసారి కళ్లలో ఎర్రచుక్కలు. "నేను ఫోటోల్లో బాగుండను" అని ఆ మనిషి తేల్చేసుకుంటారు. "ఈ ఫోను ఇంతే" అని తీసినవారు తేల్చేస్తారు. మంచి కెమెరా కొనాలన్న ఆలోచన సాధారణంగా అక్కడే పుడుతుంది. కొన్నాక కూడా రాత్రి ఫోటోలు అలాగే వస్తాయి. కెమెరా మారింది గానీ వెలుతురు వచ్చే దిక్కు మారలేదు మరి. ఫ్లాష్ చెడ్డదేం కాదు, అది కూర్చున్న చోటే చెడ్డది.

ఫోటో అంటే బల్లపరుపు కాగితం, లేదంటే బల్లపరుపు తెర. ముక్కు ముందుకి వచ్చిందనీ, చెంప వంపు తిరిగిందనీ, కళ్లు లోపలికి ఉన్నాయనీ ఆ కాగితం మీద మనకి చెప్పేది నీడే. ఫోనులో ఫ్లాష్ లెన్సుకి అంగుళం దూరంలో ఉంటుంది. కెమెరా చూపు ఏ దారిన పోతుందో వెలుతురూ ఆ దారినే పోతుంది. దాంతో ముక్కు నీడ ముక్కు వెనకే దాక్కుంటుంది, చెంప నీడ చెంప వెనకే. కెమెరాకి చిక్కే నీడల్లా వెనక గోడ మీద పడేదే, అది ఎవరికీ అక్కర్లేనిది. ఎర్రకళ్ల సంగతీ ఇంతే. చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుని ఉంటుంది. ఫ్లాష్ వెలుతురు నేరుగా లోపలికి పోయి, కంటి వెనక పొరల్లోని రక్తనాళాల మీద పడి, వచ్చిన దారినే ఎర్రగా తిరిగొస్తుంది. ఫ్లాష్‌ని లెన్సుకి బాగా ఎడంగా జరిపితే ఆ ఎరుపు వేరే దారిన పోతుంది, లెన్సులో పడదు.

ఇది చదివి నేర్చుకునే దానికన్నా ఒక రాత్రి ఇంట్లో చేసి చూసుకుంటే తొందరగా వంటబడుతుంది. ఒకరిని స్టూలు మీద కూర్చోబెట్టి, గదిలో లైట్లన్నీ ఆర్పేసి, ఫోను టార్చి వెలిగించండి. మొదట టార్చిని మీ కంటి పక్కనే పట్టుకోండి. ఎదుటివారి ముఖం చదునుగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని మెల్లగా పక్కకీ, కొంచెం పైకీ జరుపుతూ ముక్కు నీడ ఒక్కదాన్నే గమనించండి. ముందు ముక్కు పక్కన చిన్న వంపు నీడ దిగుతుంది, పెదవి చివరి వైపు వాలుతూ. స్టూడియో వాళ్లు దీన్ని లూప్ లైటింగ్ అంటారు. పెళ్లి సంబంధానికి పంపే ఫోటోకైనా, ఉద్యోగపు దరఖాస్తుకైనా చాలామందికి నప్పేది ఇదే. ఏది వాడాలో తోచనప్పుడు ఇక్కడ ఆగిపోతే నష్టం లేదు.

ఇంకా జరిపితే ముక్కు నీడ పోయి చెంప నీడలో కలుస్తుంది. అవతలి చెంప మీద, కంటి కింద, చిన్న ముక్కోణం మేర మాత్రం వెలుతురు మిగులుతుంది. ఇది రెంబ్రాంట్ లైటింగ్, 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడి పేరు మీద. ఆ పేరు సినిమాల్లోకి ఎలా వచ్చిందో దర్శకుడు సెసిల్ బి. డిమిల్ ఒక కథ చెప్పుకునేవాడు. 1915లో వచ్చిన 'ద వారెన్స్ ఆఫ్ వర్జీనియా' సినిమాలో నటుల ముఖాలు సగం నీడలో ఉండటం చూసి, సగం ముఖమే కనిపిస్తుంటే థియేటర్ల వాళ్లు సగం డబ్బే ఇస్తామంటారని న్యూయార్కు నుంచి నిర్మాణ భాగస్వామి గోల పెట్టాడట. అది రెంబ్రాంట్ లైటింగ్ అని డిమిల్ జవాబు పంపేసరికి, అంత గొప్ప పేరున్న సరుకుకి రెట్టింపు అడగొచ్చని ఆ భాగస్వామి సంబరపడ్డాడట. చెప్పినవాడు సినిమా మనిషి కాబట్టి కొంత మసాలా పడే ఉంటుంది.

టార్చిని ఇంకా తిప్పి చెవికి సూటిగా తెస్తే ముఖం నిలువునా రెండు ముక్కలవుతుంది, సగం వెలుగు, సగం చీకటి. సినిమాలో విలన్ పరిచయానికి బాగుంటుంది, బామ్మ ఫోటోకి బాగుండదు. మళ్లీ ఎదురుగా తెచ్చి, నుదుటికన్నా ఎత్తుగా పట్టుకుంటే ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ పడుతుంది, చెంప ఎముకలు తేలతాయి. 1930ల్లో పారమౌంట్ స్టూడియో నటి మార్లీన్ డీట్రిచ్‌ని ఎక్కువగా చూపించింది ఈ వెలుతురులోనే. ఎముక తీరు బాగున్న ముఖానికి ఇది వరం, కళ్లు బాగా లోతుకి ఉన్నవాళ్లకి కళ్లగుంటలు నల్లబడతాయి. టార్చి గడ్డం కిందికి దించితే దెయ్యం సినిమా. వెలుతురు పైనుంచి రావడం సూర్యుడి వల్ల మన కంటికి పుట్టినప్పటినుంచీ అలవాటు. కిందనుంచి వస్తే ఏదో తేడాగా ఉందని మనసుకి తట్టేస్తుంది.

ఈ ఆటలో ఇంకోటి కూడా చూడండి. టార్చి మరీ ఎత్తుకి పోయినప్పుడు కళ్లలోని మెరుపు చుక్క మాయమవుతుంది. ఆ చుక్క లేకపోతే కళ్లు నిర్జీవంగా కనిపిస్తాయి, ఎంత నవ్వినా సరే. లైటు ఎక్కడ పెట్టినా, రెండు కళ్లలోనూ చుక్క పడుతోందా అని చూసుకున్నాకే ఫోటో తీయాలి. రెంబ్రాంట్ పద్ధతిలో నీడవైపు కన్ను ఆ చుక్క పోగొట్టుకుంటే దీపం ఎక్కువ దూరం తిప్పేశారన్నమాట.

దిక్కు తర్వాత పరిమాణం. టార్చితో వచ్చే నీడ అంచు కత్తిరించినట్టు ఉంటుంది. కిటికీ వెలుతురులో అదే నీడ అంచు కరిగిపోయినట్టు ఉంటుంది. తేడా కాంతి ఎంత బలంగా ఉందన్న దానిలో లేదు, ముఖం దగ్గర నుంచి చూస్తే ఆ దీపం ఎంత పెద్దదిగా కనబడుతోందన్న దానిలో ఉంది. సూర్యుడి అడ్డుకొలత సుమారు 14 లక్షల కిలోమీటర్లు. కానీ ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనకి కనబడేది ఆకాశంలో అర డిగ్రీ బిళ్ల. అందుకే మిట్టమధ్యాహ్నపు నీడలు అంత కరుకు. మబ్బు పట్టిందంటే ఆకాశమంతా ఒకే దీపమైపోతుంది, నీడలు మెత్తబడతాయి. ఎండలో ముఖం మీద కనబడే ప్రతి గీతా, ప్రతి మచ్చా మబ్బు రోజున సర్దుకోవడానికి కారణం అదే.

సాఫ్ట్‌బాక్స్‌లు, గొడుగులు, ఇలా వెలుతురుని మెత్తబరిచే సామాను కొన్నవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ ముఖానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పెద్ద కిటికీతో సమానం. దాన్నే తీసుకెళ్లి మూడు మీటర్ల అవతల పెడితే ఒట్టి బల్బుకీ దానికీ పెద్ద తేడా ఉండదు. మెత్తగా కావాలంటే దగ్గరికి తేవాలి, ఫ్రేములో అంచు కనబడేంత దగ్గరికి తెచ్చి, అక్కడినుంచి ఒక్క అంగుళం వెనక్కి.

ఇవేవీ కొనక్కర్లేని స్టూడియో మన ఇళ్లలోనే ఉంది. ఎండ నేరుగా పడని కిటికీ, లేదా వీధి గుమ్మం. పాతకాలపు ఫోటో స్టూడియోలు ఉత్తరం వైపు అద్దాల కప్పు కట్టుకున్నది ఇందుకే. సూర్యుడు దక్షిణం వైపు తిరుగుతాడు కనుక ఉత్తరం నుంచి ఆకాశపు వెలుతురే వస్తుంది, రోజంతా దాదాపు ఒకేలా. ఈ సూత్రం ఐరోపాకి పూర్తిగా సరిపోతుంది గానీ మనకి ఓ చిన్న మెలిక ఉంది. హైదరాబాద్ అక్షాంశంలో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరపు కిటికీని గుడ్డిగా నమ్మకండి, పల్చటి తెల్ల పరదా ఒకటి వేసుకోండి.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఫోటోలు చూసినప్పుడు నగలనీ తలపాగాలనీ పక్కన పెట్టి నీడ ఎటు పడిందో చూడండి. కరెంటు దీపాల కాలం కాదది. 1892లో ఆయన హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టారు. మగవాళ్ల కంట పడకుండా ఎత్తయిన గోడలు కట్టి, పగటి వెలుతురు మాత్రం లోపలికి రానివ్వాలి. అలాంటి చోట ఫోటో తీయడమంటే సగం పని తాపీమేస్త్రీదే.

ఇంటి కిటికీ దగ్గరికి వద్దాం. అమ్మమ్మని కూర్చోబెట్టారనుకోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లబడుతుంది. కిటికీకి ఎదురుగా కూర్చుంటే మళ్లీ చదును. కుర్చీని కిటికీకి పక్కగా, మూడడుగుల ఎడంలో వేయండి. కిటికీ చట్రానికి సమంగా కాకుండా ఒక జానెడు వెనక్కి వేస్తే వెలుతురు ముఖానికి ముందు పక్కనుంచి పడుతుంది. గదిలో ట్యూబ్‌లైటూ, బల్బులూ ఆర్పేయండి. పగటి నీలం, బల్బు పసుపు కలిసి చెంపకో రంగు తేవడం ఒక బెడద, పైగా ట్యూబ్‌లైటు కళ్ల కింద తన నీడ తాను వేస్తుంది. ఇప్పుడు కిటికీ అవతలి చెంప మరీ చీకటిగా ఉంటే ఆ వైపు ఒకరు తాతయ్య తెల్ల పంచెని రెండు చేతులా చాపి పట్టుకోవాలి. కిటికీ వెలుతురే దాని మీద తట్టుకుని నీడవైపుకి కొంచెం తిరిగొస్తుంది. మన సినిమా షూటింగుల్లో లైట్‌బాయ్‌లు థర్మాకోల్ షీట్లు పట్టుకుని నిలబడేది ఈ పనికే. పంచె దగ్గరికి తెస్తే నీడ పల్చబడుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. అమ్మమ్మ ముడతలు చూపించాలా వద్దా అన్నది కూడా ఈ పంచె దూరమే తేలుస్తుంది. నా మటుకు నాకు ముడతలు ఉన్న ఫోటోలే ఇష్టం. ఆవిడకి ఇష్టమో లేదో ఆవిణ్ణే అడగాలి.

కిటికీ దగ్గరే ఇంకో లెక్క కూడా తెలుస్తుంది. చిన్న దీపమైతే దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతవుతుంది. కిటికీకో సాఫ్ట్‌బాక్సుకో ఇది కచ్చితంగా ఇంతే కాకపోయినా ధోరణి అదే. దీనితో వెనక గోడని నల్లగా చేయొచ్చు, తెల్లగానూ చేయొచ్చు, గోడకి రంగు వేయకుండానే. దీపం ముఖానికి మీటరు దూరంలో, గోడ ముఖానికి మరో మీటరు వెనక ఉంటే గోడకి చేరేది ముఖానికి అందిన దాంట్లో పావు వంతే, అంటే గోడ చీకటి. దీపాన్ని మూడు మీటర్లకి జరిపితే? ముఖానికి మూడు, గోడకి నాలుగు. గోడకి సగానికి పైగానే అందుతుంది, గోడ మీది క్యాలెండరుతో సహా అన్నీ కనబడతాయి. కుటుంబం మొత్తాన్ని మూడు వరసల్లో నిలబెట్టినప్పుడు ఇదే లెక్క తిరగేసి వాడాలి. దీపం దగ్గర పెడితే ముందు కూర్చున్న పిల్లలు తెల్లబోతారు, వెనక నిలబడ్డ బాబాయిలు చీకట్లో ఉంటారు. దూరంగా, ఎత్తుగా పెడితే అందరికీ ఇంచుమించు సమానంగా పంచుతుంది.

ఇక ఒంటిరంగు. ఈ విషయంలో మన స్టూడియోల మీద నాకు పాత కోపం ఉంది. చామనఛాయ మనిషి ఫోటో తీయించుకుని వెళ్తే, అడక్కుండానే రెండు ఛాయలు తెల్లబరిచి చేతిలో పెట్టేవారు. ఇప్పుడు ఆ పని ఫోను ఫిల్టర్లు చేస్తున్నాయి. ఈ రోగం కొంత సాంకేతికతలోనే ఉంది. రంగుల ఫిల్మును సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకి పంపిన 'షర్లీ కార్డు'ల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి యువతి బొమ్మే. ఆ చర్మం బాగా వస్తే అంతా బాగున్నట్టే లెక్క. 2021లో గూగుల్ పిక్సెల్ 6 ఫోనుతో పాటు నల్లటి, గోధుమరంగు చర్మాలని ఉన్నవి ఉన్నట్టు చూపించే ప్రయత్నానికి 'రియల్ టోన్' అని పేరు పెట్టి చెప్పుకోవాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా సంగతి ఏమిటో ఊహించుకోవచ్చు.

మనం చేయగలిగింది రెండు. మొదటిది కొలత. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకి మనిషి తెలియడు, బొట్టు తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి మధ్యరకం బూడిద రంగుకి తేవాలన్నదొక్కటే దాని పట్టు. మన పెళ్లిళ్లలో జీలకర్ర-బెల్లం వేళ వధూవరులు మధుపర్కాల్లో ఉంటారు, ఎర్రంచు తెల్లబట్టలు. ఫ్రేము నిండా తెలుపు చూసి మీటరు కంగారుపడి మొత్తం తగ్గించేస్తుంది. బట్టలు మురికి తెలుపులోకి, ముఖాలు చీకట్లోకి పోతాయి. అక్కడ మీరే అర స్టాపు నుంచి ఒక స్టాపు దాకా (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోవాలి. ఫోనులో అయితే ముఖం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని పైకి లాగితే సరి. రిసెప్షన్‌లో పెళ్లికొడుకు నల్ల సూటు వేసుకున్నప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి తగ్గించుకోవాలి.

రెండోది వెలుతురు పరిమాణం. నల్లటి చర్మం మీద వంపుల్ని చూపేది ఎక్కువగా నీడలు కావు, మెరుపులు. చెంప ఎముక మీద, నుదుటి మీద, ముక్కు దూలం మీద పరుచుకునే వెడల్పాటి మెరుపు. చిన్న ఫ్లాష్ వేస్తే అది ఒక్క చోట చుక్కలా తళుక్కుమంటుంది, దాన్నే జిడ్డు అంటాం. అదే మెరుపు పెద్ద కిటికీ నుంచో పెద్ద సాఫ్ట్‌బాక్సు నుంచో, పక్కవాటంగా వస్తే చెంప పొడవునా జారి ముఖం శిల్పంలా తేలుతుంది. అంతకుమించి ఫ్లాష్ బలం పెంచేసి చర్మాన్ని తెల్లబరచడం వల్ల ఒరిగేదేమీ లేదు. పెళ్లికూతురికి పసుపూ, నలుగూ, నూనే అయిన ముఖం కాబట్టి జేబులో మెత్తటి టిష్యూ ఉంచుకుని, తుడవకుండా అద్దమని చెప్పండి.

ఇక ఫ్లాష్ దగ్గరికి వద్దాం. దాని చరిత్ర పొగతో మొదలైంది. 1887లో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె అనే జర్మన్లు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ కలిపిన ఫ్లాష్ పౌడర్ తెచ్చారు. అది అంటుకుంటే కళ్లు జిగేల్‌మనేంత వెలుగు, గదినిండా తెల్లపొగ, చేయి జారితే ప్రాణాపాయం. 1920ల చివర గాజు బుడ్డిలో మండే ఫ్లాష్ బల్బులు వచ్చాయి, ఒక్కో ఫోటోకి ఒక్కో బల్బు. ఆ తర్వాత 1930ల్లో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ వాయువు నింపిన గొట్టంలోంచి విద్యుత్తుని ఒక్కసారిగా వదిలే స్ట్రోబ్‌ని ఫోటోగ్రఫీకి మలిచాడు. ఇవాళ కెమెరా నెత్తిన తగిలించే ఫ్లాష్ దాని సంతానమే. ఫోనులో ఉన్నది మాత్రం చిన్న ఎల్ఈడీ దీపం. దానికి ఫ్లాష్ అని పేరే గానీ ఆ బలం లేదు.

కెమెరా మీది ఫ్లాష్‌కి మెడ తిరుగుతుంది. ఈ ఒక్క సౌకర్యం వాడుకుంటే సగం కష్టాలు తీరతాయి. దాన్ని మనిషి వైపు కాకుండా తెల్లటి సీలింగు వైపు తిప్పి కొట్టండి. సీలింగు తానే పెద్ద దీపమవుతుంది. అయితే సూటిగా నెత్తిమీదికి కొడితే కళ్లగుంటల్లో నీడలు దిగుతాయి. మీ భుజం వెనకగా, పక్కగోడా సీలింగూ కలిసే మూలకి కొడితే వెలుతురు పక్కనుంచి వస్తుంది, ఇందాక టార్చితో చూసిన లూప్ నీడ ముక్కు పక్కన దిగుతుంది. రంగు గోడల దగ్గర జాగ్రత్త. లేత ఆకుపచ్చ డిస్టెంపర్ కొట్టిన గదిలో బౌన్సు చేస్తే పెళ్లివారంతా కామెర్లు తగిలినట్టు వస్తారు. ఫంక్షన్ హాళ్లలో సీలింగు ముప్ఫై అడుగుల ఎత్తున, నల్లగా ఉంటే ఈ ఉపాయం పనిచేయదు. అక్కడ ఫ్లాష్‌ని కెమెరా నుంచి విడదీసి, స్టాండు మీద తెల్లగొడుగు పెట్టి పక్కన నిలబెట్టాల్సిందే. దాన్ని దూరం నుంచే వెలిగించే రేడియో ట్రిగ్గర్లు ఇప్పుడు చవకే. స్టాండు కాలి దగ్గర ఇసుకసంచి వేయడం మర్చిపోకండి. పిల్లలు పరిగెత్తే చోటది.

ఫ్లాష్ వాడేటప్పుడు షట్టరు దగ్గర చాలామంది తికమకపడతారు. మార్చుకునే లెన్సులున్న కెమెరాల షట్టరుకి సాధారణంగా రెండు పరదాలుంటాయి. ఒకటి తెరుచుకుంటూ పోతుంది, రెండోది మూసుకుంటూ వస్తుంది. సెకనులో 200వ వంతో 250వ వంతో ఉండే ఒక హద్దు వరకు, రెండూ పూర్తిగా పక్కకి తప్పుకున్న క్షణం ఒకటి దొరుకుతుంది. ఫ్లాష్ ఆ క్షణంలో వెలగాలి. అంతకన్నా వేగం పెడితే రెండు పరదాల మధ్య సన్నటి చీలిక మాత్రమే నడుస్తుంటుంది, ఫోటోలో ఒక పక్క నల్లపట్టీ పడుతుంది. ఆ హద్దునే సింక్ స్పీడు అంటారు. ఖరీదైన ఫ్లాష్‌లు హైస్పీడ్ సింక్ పేరుతో గబగబా వరసగా వెలిగి ఈ హద్దు దాటుతాయి, బలం మాత్రం బాగా తగ్గుతుంది.

ఇక్కడినుంచే అసలు మజా. ఫ్లాష్ వెలిగేది మామూలుగా సెకనులో వెయ్యో వంతు, అంతకన్నా తక్కువ సేపు. షట్టరు 200వ వంతు తెరిచినా, 30వ వంతు తెరిచినా ఫ్లాష్ వేసే వెలుతురు మారదు. మారేది గదిలో ముందే ఉన్న వెలుతురు. కాబట్టి మనిషి ఎంత వెలగాలో లెన్సు కంతతో (ఎపర్చరు), ఫ్లాష్ బలంతో తేల్చుకోవచ్చు. వెనక మండపం దీపాలు ఎంత కనబడాలో షట్టరుతో తేల్చుకోవచ్చు. సింక్ స్పీడు దగ్గర తీసిన ఫోటోలో పెళ్లికూతురు వెలుగులో, మండపం చీకట్లో ఉంటుంది, అంత ఖర్చుపెట్టిన పూల అలంకరణ గల్లంతు. 30వ వంతుకి దించితే మండపం బల్బుల దండలన్నీ లోపలికి వస్తాయి, మనిషిని ఫ్లాష్ బిగించి పట్టుకుంటుంది. మరీ దించితే తలంబ్రాలు పోస్తున్న చేతులు దెయ్యపు చారల్లా సాగుతాయి. ఒక్కోసారి అదీ బాగుంటుంది. మండపం బల్బులు పసుపుగా, ఫ్లాష్ నీలితెలుపుగా కొట్లాడుకుంటుంటే ఫ్లాష్ మూతి మీద నారింజ రంగు జెల్ కాగితం అంటించాలి. అప్పుడు రెండూ ఒక జాతి అవుతాయి, తర్వాత కెమెరాలో రంగు ఒక్కసారి సరిచేస్తే సరిపోతుంది.

వెలుతురు సంగతి ఎంత చూసుకున్నా కెమెరా ఎంత దూరంలో ఉందన్నది చూసుకోకపోతే ముఖం చెడుతుంది. ముక్కు కొసకీ చెవికీ మధ్య 12 సెంటీమీటర్లనుకుందాం. ఫోను ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42లో ఉంటుంది, అంటే నలభై శాతం ఎక్కువ దూరం. అందుకే సెల్ఫీలో ముక్కు ఉబ్బి, చెవులు కుంచించుకుపోతాయి. రెండు మీటర్ల దూరానికి వెళ్తే ఆ తేడా ఆరు శాతమే. ముక్కు ఎలా ఉందో అలాగే వస్తుంది. ఫోనులో రెండు రెట్లో మూడు రెట్లో చూపే లెన్సు ఉంటే అది పెట్టుకుని వెనక్కి నడవండి. పెద్ద కెమెరాలో 85 మిల్లీమీటర్ల లెన్సుని పోర్ట్రెయిట్ లెన్సు అనేది అది వాడాలంటే తీసేవాళ్లు చచ్చినట్టు వెనక్కి వెళ్లక తప్పదు కాబట్టి.

ఇక నిలబడే తీరు గురించి. మనవాళ్లని ఫోటోకి నిలబడమంటే బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు అటెన్షన్‌లో నిలబడతారు, భుజాలు కెమెరాకి సమంగా, చేతులు ప్యాంటు కుట్టుకి అంటించి. పాస్‌పోర్టు ఆఫీసుకి అది కావాలి, ఇంటి గోడకి అక్కర్లేదు. బరువంతా వెనక కాలి మీద వేయమనండి. ఒళ్లు దానంతటదే కాస్త పక్కకి తిరుగుతుంది, ఒక భుజం కొంచెం దిగుతుంది. మోచేతులు నడుముకి రెండంగుళాలు ఎడంగా ఉంచమనండి, మధ్యలో ఖాళీ కనబడితే నడుము సన్నబడుతుంది. కూర్చున్నవాళ్లని కుర్చీ అంచుకి రమ్మనండి, వెనక్కి వాలితే పొట్టే ముందుకొస్తుంది.

గడ్డం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఫలితం ఎక్కువ ఇచ్చేదీ ఎవరూ నమ్మనిదీ ఇదే. కెమెరా చూడగానే అందరూ తల వెనక్కి లాగుతారు. మెడ దగ్గర చర్మం ముడత పడి రెండో గడ్డం పుడుతుంది, లేనివాళ్లకి కూడా. "అత్తయ్యా, తల ఎత్తకుండా నుదురు నావైపు కొంచెం ముందుకి తీసుకురండి. ఆఁ, ఇప్పుడు గడ్డం ఒక్క పిసరు కిందికి" అని చెప్పి చూడండి. ఆవిడకి తాబేలు తల బయటపెట్టినట్టుగా ఎబ్బెట్టుగా తోస్తుంది. పక్కనుంచి చూసేవాళ్లకీ నవ్వొస్తుంది. ఎదురుగా ఉన్న కెమెరాకి మాత్రం దవడ గీత స్పష్టంగా తేలి వస్తుంది. తీసిన ఫోటో ఒకటి చూపించాక మాత్రం చెప్పకుండానే చేస్తారు. తల పక్కకి తిప్పమన్నప్పుడు ముక్కు కొస అవతలి చెంప గీతని దాటకుండా ఆపండి, దాటితే ముక్కు పొడవుగా కనబడుతుంది. అంతకు మించి తిప్పాలంటే పూర్తిగా పక్కకే తిప్పాలి, మధ్యలో ఆగకూడదు.

ముఖం ఒక వైపు తిరిగినప్పుడు కెమెరాకి దూరంగా ఉన్న చెంప మీద వెలుతురు పడేలా దీపం పెడితే, దగ్గరున్న వెడల్పాటి చెంప నీడలో ఉండి ముఖం సన్నబడుతుంది. దగ్గరి చెంప మీద వేస్తే ముఖం నిండుగా కనబడుతుంది. బక్కగా ఉన్నవాళ్లకి రెండోది, బొద్దుగా ఉన్నవాళ్లకి మొదటిది. ఎవరికి ఏది వాడుతున్నారో బయటికి చెప్పకండి.

చేతులు చాలామందికి బరువు. ఏం చేయాలో తెలీక పిడికిలి బిగిస్తారు. వాటికి పని ఇవ్వాలి. పమిట సర్దుకోవడం, గాజులు వెనక్కి తోసుకోవడం, చేతిగడియారం చూసుకోవడం, కాఫీ గ్లాసు పట్టుకోవడం ఏదైనా సరే. అరచేయి వెడల్పు మొత్తం కెమెరాకి పెడితే ముఖమంత పెద్దగా కనబడుతుంది, చేతి అంచు చూపిస్తే సన్నగా ఉంటుంది. ఇక "నవ్వండి" అన్న మాటంత పనికిమాలిన ఆదేశం ఇంకోటి లేదు. పెదవులు సాగుతాయి, కళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. మాట్లాడుతూ ఉండండి, పక్కన ఉన్న చెల్లెలి చేత పాత సంగతొకటి కదిలించండి. నవ్వు వచ్చినప్పుడు కాదు, నవ్వి ఆగుతున్నప్పుడు తీయండి. నోరు మూసుకుంటూ ఉంటుంది, కళ్లలో నవ్వు ఇంకా మిగిలి ఉంటుంది. ప్రతిసారీ రెప్ప వేసేవాళ్లుంటారు. ఆటోమేటిక్ ఫ్లాష్ అసలు మెరుపుకి ముందు కొలత కోసం చిన్న మెరుపు వేస్తుంది, వాళ్లు దానికే కళ్లు మూసేస్తారు. ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెడితే ఆ ముందు మెరుపు ఉండదు. అదీ కుదరకపోతే కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమని చెప్పి అప్పుడు తీయండి.

చివరగా కళ్లద్దాలు, ఎందుకంటే మన కుటుంబాల్లో పెద్దవాళ్లందరికీ అవే. "ఒక్కసారి అద్దాలు తీయండి మావయ్యా" అంటే ఆయన తీస్తారు. ఫోటోలో ఎవరో కొత్తమనిషి వస్తారు, ముక్కు మీద రెండు గుంటలతో సహా. తీయించకండి. అద్దం మీద కాంతి ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలికి పోతుంది, ఆ పోయే దారిలో కెమెరా లేకుండా చూసుకుంటే చాలు. దీపాన్ని ఒక అడుగు పైకెత్తండి, లేదా ఇంకొంచెం పక్కకి. కిటికీ అయితే ఎత్తలేరు కాబట్టి ఆయన్నే కిటికీకి అవతలి వైపుకి ఒక పిసరు తల తిప్పమనండి. అప్పటికీ తెల్లమచ్చ పోకపోతే కళ్లద్దాల కాడల్ని చెవుల మీద పావు అంగుళం పైకి లేపి నిలబెట్టండి. అద్దాలు కిందికి వాలి, మెరుపు నేలవైపుకి పోతుంది. ఎదురునుంచి చూస్తే కాడలు లేచాయని ఎవరికీ తెలియదు.